ఆడియోమాత్ రికార్డర్: ఆకుముక్కు గబ్బిలాల గుహ దగ్గర ఎంతవరకు పనికొస్తుంది?

గుహల్లో ఉండే ఆకుముక్కు గబ్బిలాల కోసం రికార్డర్ కొనేవాళ్లు ధర కన్నా ముందు శాంప్లింగ్ రేటు, అంటే శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందో చూడాలి. సెకనుకు 3,84,000 శాంపిళ్లు తీసుకోలేని పరికరం ఎంత మంచి కంపెనీదైనా, ఎంత తగ్గింపులో వచ్చినా మన గుహలకు దండగ. ఆడియోమాత్ ఆ వేగం అందుకుంటుంది. అరచేతిలో ఇమిడిపోతుంది, మూడు డబుల్‌ఏ బ్యాటరీలతో రాత్రుళ్ల తరబడి పనిచేస్తుంది. కానీ దాని మైక్ బలహీనతలూ, గబ్బిలాల అలవాట్లూ తెలియకుండా గుహ ముందు తగిలించి వస్తే పొద్దున కార్డులో దొరికేది కీచురాళ్ల రొద, గాలి హోరు మాత్రమే.

శాంప్లింగ్ రేటు మీద ఇంత పట్టు ఎందుకంటే, మన దక్షిణాది గుహల్లో, కోటల నేలమాళిగల్లో, పాడుపడ్డ మంటపాల్లో తరచు కనిపించే రెండు ఆకుముక్కు గబ్బిలాల కూతలు అసాధారణమైన ఎత్తులో ఉంటాయి. మొదటిది ష్నైడర్ ఆకుముక్కు గబ్బిలం, శాస్త్రీయ నామం హిప్పోసిడెరోస్ స్పియోరిస్. భారతదేశం, శ్రీలంకల్లోనే ఉంటుంది. ముంజేయి పొడవు 45 నుంచి 54 మిల్లీమీటర్లు. రెండోది దానికన్నా చిన్నది, హిప్పోసిడెరోస్ ఫల్వస్. దీని ముంజేయి 38 నుంచి 44 మిల్లీమీటర్లే. మదురై పరిసరాల్లో 1980ల్లో జరిగిన పరిశోధనల్లో స్పియోరిస్ కూత 127 నుంచి 138 కిలోహెర్ట్జ్ (సెకనుకు వెయ్యి కంపనాలైతే ఒక కిలోహెర్ట్జ్) మధ్య తేలింది. ఫల్వస్‌ది 154 దగ్గర. అప్పట్లో ఈ రెండో జాతిని బైకలర్ అని రాసేవారు కాబట్టి పాత వ్యాసాలు చదివేటప్పుడు ఆ పేరు చూసి తికమకపడొద్దు.

ఏ డిజిటల్ రికార్డరైనా తన శాంప్లింగ్ రేటులో సగం వరకే నిజాయితీగా పట్టగలదు. 256 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 2,56,000 శాంపిళ్లు తీసే పరికరం హద్దు 128. స్పియోరిస్ కూత సరిగ్గా ఆ గీత మీద మొదలై పైకి పోతుంది, ఫల్వస్ ఎక్కడో దాటిపోతుంది. అవి వినపడకపోతే అంత నష్టం లేదు. చిక్కల్లా ఆ కూత మడతపడి, హద్దుకు ఎంత పైన ఉందో అంత కింద తేలినప్పుడు వస్తుంది. 135 దగ్గరి కూత 256 రికార్డింగులో 121 దగ్గర కనిపిస్తుంది, 154 దగ్గరిది 102 దగ్గరికి దిగుతుంది. ఆ 102 చూసి ఏ గుర్రపునాడా గబ్బిలమో అని రాసుకుంటే, ఆ గుహలో లేని జాతిని జాబితాకెక్కించినట్టే. పట్టుకునే ఉపాయం ఒకటుంది. ఆకుముక్కు గబ్బిలం కూత కొన్ని మిల్లీసెకన్లు ఒకే స్వరంలో సాగి, చివర్లో కిందికి జారుతుంది. మడతపడ్డ కూతలో ఆ తోక పైకి లేస్తుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో, అంటే కూత ఎత్తు కాలంతో ఎలా మారుతుందో చూపే బొమ్మలో, తోక పైకి తిరిగిన కూత కనిపిస్తే ఆ రాత్రి లెక్కలన్నీ పక్కన పెట్టి సెట్టింగులు మళ్లీ చూడండి.

384 పెడితే హద్దు 192కి పోతుంది, రెండు జాతులూ హాయిగా ఇముడుతాయి. ఆడియోమాత్ కాన్ఫిగరేషన్ యాప్‌లో 8 నుంచి 384 దాకా రేట్లు ఉంటాయి. గబ్బిలాలకు 250 చాలని చెప్పే మార్గదర్శకాలు ఐరోపా జాతుల కోసం రాసినవి. అక్కడి చాలా జాతులు 20 నుంచి 110 లోపు కూస్తాయి కాబట్టి వాళ్లకు అది చాలు. ఇక్కడ చాలదు.

ఇంత ఎత్తులో కూయడం వల్ల గబ్బిలానికి ఏం లాభం అని అడగొచ్చు. 135 కిలోహెర్ట్జ్ దగ్గర ధ్వని తరంగం పొడవు దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు. చిన్న పురుగు కూడా బలమైన ప్రతిధ్వని తిరిగి పంపుతుంది. చెవులున్న రాత్రి సీతాకోకచిలుకలు ఎక్కువగా 20 నుంచి 60 మధ్యే బాగా వింటాయి కాబట్టి ఈ వేటగాడి రాక వాటికి ఆలస్యంగా తెలుస్తుంది. దీనికి మూల్యం దూరం. ఆ ఎత్తులో గాలే ధ్వనిని మింగేస్తుంది, మీటరుకు దాదాపు 4, 5 డెసిబెల్‌ల చొప్పున. అందుకే ఈ గబ్బిలాలు చెట్లకూ పొదలకూ దగ్గరగా, తక్కువ ఎత్తులో, కొద్ది మీటర్ల దూరంలో ఉన్నవాటినే వేటాడతాయి. ఫల్వస్ అయితే కొమ్మల సందుల్లోకి కూడా దూరుతుంది.

రికార్డర్ కొన్నవాళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది. 30 కిలోహెర్ట్జ్ దగ్గర కూసే సమాధి గబ్బిలాన్ని ముప్పై నలభై మీటర్ల నుంచి పట్టే ఆడియోమాత్, స్పియోరిస్‌ను నాలుగైదు మీటర్లు దాటితే పట్టడం కష్టం. ఫల్వస్ విషయంలో ఇంకా తక్కువ. దాని చిన్న మెమ్స్ (చిప్ మీద చెక్కిన) మైక్ 100 కిలోహెర్ట్జ్ పైన సున్నితత్వం కోల్పోతూ పోతుంది. ఖరీదైన అల్ట్రాసౌండ్ మైక్‌లతో పోలిస్తే తేడా స్పష్టం. వెర్షన్ 1.2తో మైక్ మారింది, నేపథ్య రొద తగ్గింది. పాతదీ కొత్తదీ కలిపి వాడేవాళ్లు ఒకదాని కూతల సంఖ్యను ఇంకోదానితో నేరుగా పోల్చకూడదు.

డబ్బాలో వచ్చేది సర్క్యూట్ బోర్డు, దాని వెనకే బ్యాటరీ అర, అంతే. మైక్రోఎస్‌డీ కార్డు, బ్యాటరీలు, కేసు, మైక్రో యూఎస్‌బీ తీగ అన్నీ మనమే చూసుకోవాలి. తీగ విషయంలో జాగ్రత్త: చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే తీగలు బజార్లో బోలెడు, వాటితో కంప్యూటర్ పరికరాన్ని గుర్తించదు. పక్కన చిన్న స్విచ్‌కి మూడు స్థానాలు ఉంటాయి: యూఎస్‌బీ/ఆఫ్, డిఫాల్ట్, కస్టమ్. డిఫాల్ట్‌లో పెడితే వెంటనే రికార్డింగ్ మొదలవుతుంది, పరీక్షకు బాగుంటుంది. వేళల పట్టిక ప్రకారం పనిచేయాలంటే కస్టమ్. స్విచ్ సన్నగా ఉంటుంది, చేతి తొడుగులతో చీకట్లో తిప్పేటప్పుడు డిఫాల్ట్ దగ్గర ఆగిపోవడం మామూలే. అలా జరిగితే ఆపకుండా తీస్తూ ఒక్క రోజులోనే 64 గిగాబైట్ల కార్డు నింపేస్తుంది. కేసు మూసేముందు స్విచ్ చివరిదాకా వెళ్లిందో లేదో ఒకసారి చూడండి.

కార్డు లెక్క ఇలా ఉంటుంది. 384 రేటులో సెకనుకు 768 కిలోబైట్లు, నిమిషానికి 46 మెగాబైట్లు, గంటకు 2.76 గిగాబైట్లు. రాత్రంతా ఆపకుండా తీయడం అనవసరం. సాయంత్రం 5:45 నుంచి 8:15 దాకా, మళ్లీ తెల్లవారుజామున 4 నుంచి 6 దాకా తీస్తే రాత్రికి 12.4 గిగాబైట్లు. 64 గిగాబైట్ల కార్డు నాలుగైదు రాత్రులకు, 128ది పది రాత్రులకు వస్తుంది. సగటు వేగం చూస్తే చవక కార్డు కూడా చాలినట్టే ఉంటుంది. కానీ అలాంటివి మధ్యమధ్య రాయడం ఆపి ఆలోచిస్తాయి, అక్కడ శాంపిళ్లు పోతాయి. యూ3 గుర్తున్న కార్డు కొనండి. కార్డు రాసేటప్పుడు పుట్టే సన్నని విద్యుత్ రొద స్పెక్ట్రోగ్రామ్‌లో సమాన దూరాల్లో గీతలుగా పడుతుంది. దాన్ని గబ్బిలం అనుకోవద్దు. గబ్బిలం అంత క్రమశిక్షణగా కూయదు.

యాప్‌లో సెట్టింగులు పెట్టి, కింద చూపించే రోజువారీ మిల్లీయాంపియర్-గంటల అంచనాను మీ బ్యాటరీ సామర్థ్యంతో సరిచూసుకోండి. రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ మూడు కలిసి 3.6 వోల్టులే ఇస్తాయి, అయినా పనిచేస్తాయి. వారం పైన వదిలేయాలంటే లిథియం డబుల్‌ఏలు మేలు. గెయిన్, అంటే మైక్ సిగ్నల్‌ను ఎంత పెంచాలన్నది, మీడియం దగ్గర మొదలుపెట్టండి. హై పెడితే దూరపు కూతలు వస్తాయన్నది నిజమే గానీ మైక్ పక్కనుంచే పోయే గబ్బిలం కూత నెత్తి తెగి, లేని హార్మోనిక్‌లు (అసలు స్వరానికి రెట్టింపు, మూడింతల ఎత్తులో వచ్చే స్వరాలు) పుట్టుకొస్తాయి. ఆకుముక్కు గబ్బిలాల కూతలో శక్తి అంతా రెండో హార్మోనిక్‌లో ఉంటుంది. 135 దగ్గర ఉన్న కూతకు సరిగ్గా సగం, 67 దగ్గర మసకగా ఇంకో గీత కనిపిస్తే అది అసలు స్వరమే, వేరే జాతి కాదు.

గడియారం దగ్గర చాలామంది జారతారు. సెట్టింగులు ఎక్కించినప్పుడు కంప్యూటర్ సమయం పరికరానికి వెళుతుంది. బ్యాటరీలు తీస్తే పోతుంది. కాబట్టి గుహ దగ్గర బ్యాటరీలు మార్చే పనుంటే ల్యాప్‌టాప్ వెంట ఉండాలి, లేదంటే ఫోన్ స్పీకర్ శబ్దంతో సమయం అందించే ఆడియోమాత్ చైమ్ యాప్ ఉండాలి. స్థానిక సమయం ఎంచుకోకపోతే ఫైళ్ల పేర్లు యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) పడతాయి. మన సాయంత్రం 5:45 అక్కడ 12:15 అవుతుంది, తెల్లవారుజామున 5:30కి తేదీ మారిపోతుంది. గబ్బిలాలు గుహకు తిరిగొచ్చే వేళ కూడా సరిగ్గా అదే. ఒకే ఉదయపు రాకలు రెండు తేదీల కింద చీలిపోయి, లెక్క వేసేవాడికి సగం గబ్బిలాలు ఇల్లు చేరలేదనిపిస్తుంది.

తగిన శబ్దం వచ్చినప్పుడే ఫైలు రాసే ట్రిగ్గర్ వాడాలా వద్దా? కార్డులో చోటు మిగులుతుంది గనుక ఆశ పుడుతుంది. కానీ ముందు కనీసం ఒక పూర్తి రాత్రి ట్రిగ్గర్ లేకుండా తీసి, ఆ గుహలో ఎవరెవరు ఎంత గట్టిగా కూస్తున్నారో చూసుకోండి. ఫ్రీక్వెన్సీ ట్రిగ్గర్‌ను 132 దగ్గర పెడితే స్పియోరిస్ బాగానే చిక్కుతుంది, అదే గుహలోని ఫల్వస్ ఒక్కటి కూడా రాకపోవచ్చు. ఇంకో సంగతి, గుహలో ఉన్నా ఏ సెట్టింగుతోనూ సరిగా చిక్కనివి ఉన్నాయి. పెద్ద రక్తపిపాసి అని పొరపాటు పేరున్న మెగాడెర్మా లైరా వాటిలో ఒకటి. ఇది కప్పల్ని, బల్లుల్ని, చిన్న ఎలుకల్ని పట్టి తింటుంది, ఎర చేసే చప్పుడు విని దిగుతుంది. దాని కూత గుసగుసలాంటిది, వెడల్పాటి ఫ్రీక్వెన్సీల్లో పలచగా పరుచుకుంటుంది, ఒకటి రెండు మీటర్ల లోపు వస్తేనే నమోదవుతుంది. కార్డులో లేదు కాబట్టి గుహలో లేదని రాయకండి. పళ్లు తినే రూసెట్టస్ లెషెనాల్టి సంగతి వేరు. ఇది గొంతుతో కూయదు, నాలుకతో జంట జంటలుగా టిక్కులు కొడుతుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో నిలువు గీతలు రెండేసి కనిపిస్తాయి. కింది స్వరాలను కోసేసే హైపాస్ ఫిల్టర్ ఎక్కువ పెడితే ఇవి బలహీనపడతాయి, గాలి హోరు తగ్గడానికి 8 లేదా 10 కిలోహెర్ట్జ్ చాలు. గుర్రపునాడా గబ్బిలాలను కూత నిడివితో తేల్చవచ్చు: వాటి స్థిర స్వరం 30 మిల్లీసెకన్లు దాటి సాగుతుంది, ఆకుముక్కువి పదిలోపే ముగుస్తాయి.

ఎక్కడ తగిలించాలన్నదే ఫలితాన్ని తేల్చేస్తుంది. గుహ గోడకు ఆనించి పెడితే ప్రతి కూత వెంట దాని ప్రతిధ్వని అంటుకుని, తోకలు కలిసిపోయి, నిడివి కొలవడం కుదరదు. బయట, ద్వారానికి మూడు నాలుగు మీటర్ల దూరంలో, ఎగిరే దారికి ఒక పక్కగా వెదురు కర్ర పాతి, మనిషి ఎత్తుకు దగ్గరగా, మైక్ రంధ్రం దారి వైపు చూసేలా కట్టండి. దారికి ఎదురుగా పెడితే ఇంకో ఇబ్బంది: సెకనుకు నాలుగు మీటర్ల వేగంతో మైక్ వైపు వచ్చే గబ్బిలం కూత డాప్లర్ ప్రభావం వల్ల దాదాపు 1.6 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది, దూరమయ్యేది అంతే కిందికి. గబ్బిలం కూడా ఎగురుతూ తన స్వరాన్ని కొంత తగ్గించుకుంటుంది, ఆకుముక్కుల్లో ఈ సర్దుబాటు పాక్షికమే. కాబట్టి ఒక్క కూత చూసి దశాంశాల వరకు రాయకండి, ఒక్కో గబ్బిలానికి వరసగా వచ్చిన పదీ పదిహేను కూతల పరిధి ఇవ్వండి.

జిప్ సంచిలో చుట్టి పెట్టే పద్ధతి పక్షుల రికార్డింగ్‌కు సరిపోతుంది. 130 పైన అదే ప్లాస్టిక్ పొర గోడలా అడ్డుపడుతుంది. నీరు చొరని ఐపీఎక్స్7 రకం కేసు వాన నుంచి కాపాడుతుంది, దాని మైక్ దగ్గరి పొర కూడా పై ఫ్రీక్వెన్సీల్ని కొంత తగ్గిస్తుంది, అయినా సంచి కన్నా చాలా నయం. వాన లేని నెలల్లో, పైన రాతి చూరు ఉన్న చోట, సంచికి మైక్ ఎదురుగా రంధ్రం చేసి వాడటం అన్నిటికన్నా మంచి సిగ్నల్ ఇస్తుంది. లోపల ఐదు గ్రాముల సిలికా జెల్ పొట్లం వేయండి. గుహ తేమతో పాటు గబ్బిలాల పెంట నుంచి వచ్చే అమ్మోనియా బ్యాటరీ అర లోహాన్ని తినేస్తుంది. మైక్ బతికుందో లేదో చూడటానికి దాని ఎదురుగా తాళాల గుత్తి ఊపితే చాలంటారు. ఆ చప్పుడు కొన్ని పదుల కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది, 130 దగ్గర మైక్ ఎలా ఉందో దానివల్ల తెలియదు. తెలుసుకోవాలంటే యూఎస్‌బీ మైక్రోఫోన్ ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించి, ల్యాప్‌టాప్‌లో ఆడియోమాత్ లైవ్ యాప్‌తో నిజమైన గబ్బిలం ముందు స్పెక్ట్రోగ్రామ్ చూడాలి. ఈ ఒక్క సదుపాయం కోసమైనా పరికరం కొనొచ్చు.

లెక్కల విషయానికొస్తే, ఆడియోమాత్ గబ్బిలాల్ని లెక్కపెట్టదు, దాటిపోవడాల్ని లెక్కపెడుతుంది. స్పియోరిస్ అలవాటు తెలిస్తే ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది. సాయంత్రం కాగానే ఇది నేరుగా బయటికి రాదు. లోపలి చీకట్లోంచి ఎగిరి ద్వారం దాకా వస్తుంది, వెలుతురు ఎంత ఉందో చూసుకుంటుంది, వెనక్కి పోతుంది. సరిపడా చీకటి పడేదాకా ఇలా వచ్చిపోతూనే ఉంటుంది. ద్వారం దగ్గరి రికార్డర్‌కు ఇవన్నీ బయటికి పోయినట్టే వినిపిస్తాయి, మోనో మైక్‌కు దిశ తెలియదు. మందలో లోపలే ఉన్నవాటికి మాత్రం తోటివాటి రాకపోకలే వేళ తెలుపుతాయి. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్ బృందం 1981లో ప్రచురించిన పని ఇదే జాతి మీద. నిరంతరం చీకటిగా ఉండే గుహలో బంధించి ఉంచిన గబ్బిలాలు, చుట్టూ స్వేచ్ఛగా ఉన్న తోటి గబ్బిలాల రాకపోకల్ని బట్టి తమ 24 గంటల లయను నిలుపుకున్నాయి. మంద లేని గుహలో ఒంటరిగా ఉంచినవి ఆ లయను వదిలి తమ సొంత గడియారంతో జారిపోయాయి. కాబట్టి ఆడియోమాత్ ఇచ్చే కాలరేఖలో మొదటి కూతను బయలుదేరిన సమయంగా రాయకూడదు. దాటడాల సంఖ్య ఒక్కసారిగా పెరిగి నిలకడగా సాగే చోటు చూడాలి. మొత్తం ఎన్ని ఉన్నాయో కావాలంటే ఇన్‌ఫ్రారెడ్ కెమెరానో, మసక ఎర్ర దీపం పెట్టుకుని చేతి లెక్కనో తోడు చేయాల్సిందే.

లోపల పెడదామనే ఆలోచన మానుకోండి. ఈ గబ్బిలాలు పైకప్పు నుంచి కాళ్లతో వేలాడతాయి, ఒకదాన్నొకటి తాకకుండా మధ్యలో ఖాళీ వదులుకుంటాయి, గోడల మీద పాకలేవు. అలికిడైతే ఒక్కసారిగా గాల్లోకి లేవడమే వాటికి తెలిసిన మార్గం. తల్లికి ఒక్కసారి ఒకే పిల్ల పుడుతుంది, ఆ పిల్ల తల్లి పొత్తికడుపు దగ్గరున్న పాలు లేని రొమ్ముల్ని కరిచి పట్టుకుని వేలాడుతుంది. మందంతా లేస్తే పిల్లలు జారి పడతాయి. మనకూ మంచిది కాదు. పెంట ధూళిలో హిస్టోప్లాస్మా శిలీంధ్రం ఉండొచ్చు, ఎన్95 మాస్కు లేకుండా ద్వారం దాటొద్దు. కింద పడ్డ గబ్బిలాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. అటవీ భూమిలో అటవీ శాఖ, పురావస్తు కట్టడాల్లో ఆ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. కర్రకు కట్టిన పెట్టెను చూసి ఊళ్లోవాళ్లు ఏ బాంబో అనుకోకుండా తెలుగులో ఒక చీటీ అంటించండి.

మనిషి లోపలికి పోకుండానే పని జరగడం అన్నది కొన్ని చోట్ల అన్నిటికన్నా ముఖ్యం. తెలుగు మాట్లాడేవాళ్లు బాగా ఉన్న కోలార్ జిల్లాలో, హనుమనహళ్లి దగ్గరి గుహలో కోలార్ ఆకుముక్కు గబ్బిలం ఉంది, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. దాని మీద ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పనిచేశారు, అక్కడి ప్రధాన ముప్పు గ్రానైట్ తవ్వకం. అలాంటి చోట బయట కర్రకు కట్టిన చిన్న పెట్టె, లోపలికి టార్చీలతో దూరే పదిమంది కన్నా మేలు.

మిగతా పరికరాలతో పోల్చితే, ఫోన్‌కు తగిలించే ఎకో మీటర్ టచ్ 2 మామూలు మోడల్ 256 దగ్గర ఆగిపోతుంది, అంటే పైన చెప్పిన 128 గోడ. ఆ కంపెనీదే ప్రో మోడల్ 384 అందిస్తుంది, అక్కడికక్కడే తెరపై కూత చూపిస్తుంది, నడుస్తూ వెతికే పనికి ఆడియోమాత్ కన్నా హాయి. ధర ఎక్కువ, రాత్రంతా వదిలేసి రావడానికి కుదరదు. గబ్బిలం కూతను మన చెవికి వినపడే స్వరానికి దింపే చవక హెటిరోడైన్ డిటెక్టర్లు 120, 130 దగ్గర డయల్ ఆపేస్తాయి. ఫల్వస్ ఉన్న గుహ ముందు వాటిని తిప్పుతూ నిలబడితే నిశ్శబ్దమే.

ఆడియోమాత్ విదేశాల నుంచే తెప్పించుకోవాలి, ధరకు తోడు రవాణా, కస్టమ్స్ సుంకం కలుస్తాయి. అందుకే ఒకటి తెప్పించేవాళ్లు అదే పార్శిల్‌లో కేసు కూడా పెట్టించుకోవడం తెలివి, తర్వాత విడిగా తెప్పిస్తే రవాణా ఖర్చు రెండుసార్లు. ఒకటికి రెండు కొనగలిగితే రెండోదాన్ని ద్వారం దగ్గర కాకుండా ఇరవై మీటర్ల దూరంలో, పొదల అంచున కట్టండి. రెండింటి గడియారాలూ అదే సాయంత్రం, అదే ల్యాప్‌టాప్‌తో సరిచేయండి. వెలుతురు చూసి వెనక్కి పోయిన గబ్బిలం మొదటి కార్డులోనే ఉంటుంది, నిజంగా వేటకు పోయి రెండోదానికి దగ్గరగా దాటినది రెండింటిలోనూ పడుతుంది.